ఎనభై మూడేళ్ళ వేలు

మనిషి చుట్టూ ఒక వెలుగు ఉంటుందట. చిన్నప్పుడు అది మూరెడు ఉంటుందట, నలభై దాటాక జానెడవుతుందట, అరవై దాటితే బెత్తెడు కూడా మిగలదట. ఈ సంగతి నాకు నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. దాని మీద నలుగురి బొమ్మలున్నాయి. ఒక పిల్లాడు, ఒక కుర్రాడు, ఒక నడివయసు ఆయన, ఒక ముసలాయన. మొదటి ముగ్గురి చుట్టూ రంగులే రంగులు. ముసలాయన దగ్గరికొచ్చేసరికి ప్రింటింగు వాళ్ళకి ఇంకు అయిపోయిందేమో, బూడిద రంగు పూసి వదిలేశారు. "మీ శక్తి క్షేత్రాన్ని కొలిపించుకోండి. అన్ని వయసుల వారికీ వేర్వేరు కౌంటర్లు" అని కింద పెద్ద పెద్ద అక్షరాలు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ ఊళ్ళోనే ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ముప్పై ఏళ్ళుగా మనుషుల రక్తం తీస్తున్నాను. కొలవడం నా వృత్తి. షుగరు కొలుస్తాను, హిమోగ్లోబిన్ కొలుస్తాను, థైరాయిడ్ కొలుస్తాను. వెలుగుని మాత్రం ఎప్పుడూ కొలవలేదు. మనిషి చుట్టూ మూరెడు వెలుగే ఉంటే ఈ ఊళ్ళో ఇంతమంది ఇన్వర్టర్లు ఎందుకు కొంటున్నారో నాకర్థం కాలేదు. ఆ ఫ్లెక్సీ చదువుతూ టీ తాగి, గ్లాసు అక్కడ పెట్టి, నవ్వుకుంటూ డ్యూటీకి పోయాను. నా నవ్వులో పొగరు ఉంటుందని మా అప్ప అంటుంది. ఉంటుంది మరి. పొద్దున లేచిన దగ్గర్నుంచీ జనం మూర్ఖత్వం చూస్తూ, పొగరు లేకుండా నవ్వడం నా వల్ల కాదు.

అప్ప అంటే మా అక్క. ఇటువైపు అక్కని అలాగే పిలుస్తాం. బావ పోయాక, కూతురికి పెళ్ళి చేసి యలమంచిలి పంపాక, అప్ప నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆ విధంగా ఇద్దరం ఒక ఇంట్లో పడ్డాం. చీకటి ఉండగానే లేచి వంట చేసి, నా క్యారేజీ గట్టు మీద పెట్టి, తన డబ్బా చంకన పెట్టుకుని ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది. నేను లేచేసరికి ఇంట్లో పోపు వాసన మాత్రం ఉండేది. ఇన్నేళ్ళలో ఆవిడ పని మానాలని నేనెప్పుడూ అనలేదు. మానొద్దని కూడా అనలేదు. ఆ మాటే మా మధ్య రాలేదు.

అప్పది పిక్కలు పగలగొట్టే పని. ఉడికించిన జీడిపిక్కని కత్తి కింద పెట్టి, కాలితో పెడలు తొక్కి చీల్చి, లోపలి పప్పు విరగకుండా తీయాలి. తొక్కలోంచి నల్లటి జీడి కారుతుంది. అది అంటిన చోట పొక్కుతుంది. పొక్కింది ఎండి రాలుతుంది, రాలిన చోట మళ్ళీ పొక్కుతుంది. చేతులకి బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు, అయినా ఏళ్ళు గడిచేసరికి వేళ్ళ చివర గీతలనేవి ఉండవు. అప్ప బొటనవేలు ఏటి గట్టున దొరికే గులకరాయిలా నున్నగా ఉంటుంది. నా సూది కూడా అందులోకి దిగదు. ఆవిడకి రక్తం తీయాలంటే మోచేతి దగ్గర నరం పట్టుకోవాల్సిందే.

గీతలు లేని వేలితో ఈ రోజుల్లో బతకడం కష్టం. రేషన్ డిపోలో మిషను ఆవిడ వేలు తీసుకోదు. నెలనెలా అదే గొడవ. చివరికి డీలరే ఒక కిటుకు చెప్పాడు. బొటనవేలు తల వెనక జుట్టులో రెండు సార్లు గట్టిగా రాసి, ఆ నూనె జిడ్డుతో గాజు మీద పెట్టడం. అలా పెడితే మిషను కుయ్‌మని ఆవిడని మనిషిగా ఒప్పుకుంటుంది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరికీ ఇదే అలవాటైపోయింది. ఎక్కడ గాజు పలక కనబడినా చెయ్యి దానంతటదే కొప్పులోకి పోతుంది. ల్యాబ్‌కి వచ్చినప్పుడు కూడా నేను సూది తీసేలోపు వేలు తలకి రాసేస్తారు. "ఇది రేషన్ కాదమ్మా" అని కసురుకుంటాను.

ఫ్యాక్టరీ యజమాని భార్యకి ఆ వెలుగు కొలిచే ఆయనంటే మహా గురి. పనివాళ్ళందరికీ ఉచితంగా కూపన్లు పంచిపెట్టింది. ఆదివారం పొద్దున అప్ప కూడా కూపన్ పట్టుకుని తయారైంది.

"మిషన్ల సంగతి నీకు తెలుసు గదా, తోడు రారా తమ్ముడా" అంది.

"అది మిషను కాదప్పా, మోసం" అన్నాను.

"మోసమైతే మరీ మంచిది. దగ్గరుండి సూడొచ్చు. బేగి సొక్కా తొడుక్కో."

శిబిరం ఒక కల్యాణ మండపం మేడ మీద పెట్టారు. వేర్వేరు కౌంటర్లు అన్నారు గానీ వేరుగా ఉన్నవి కుర్చీలే, మిషను ఒక్కటే. పిల్లలకి పచ్చ కూపను, కుర్రాళ్ళకి పసుపు, మా బోటి వాళ్ళకి నారింజ, యాభై అయిదు దాటిన వాళ్ళకి గులాబి. వయసుల వారీగా మనుషుల శక్తిని కొలిచి పెద్ద పరిశోధన చేస్తున్నామని మైకులో చెబుతున్నారు. ఆ పరిశోధన ఎంత ఘనంగా ఉందో చూద్దామని నేను వయసులు రాసుకునే బల్ల దగ్గర నిలబడ్డాను. అక్కడే తెలిసిపోయింది. ఫ్యాక్టరీ నుంచి ఇరవై మంది ఆడవాళ్ళు వస్తే ఇరవై మంది ఆధార్ కార్డుల్లోనూ పుట్టినరోజు జనవరి ఒకటే. కార్డు తీసినవాడు మొహం చూసి ఒక సంవత్సరం వేసి, తేదీ తెలీదు గనక జనవరి ఒకటి పడేశాడు. మా అప్పకి అలాగే యాభై ఎనిమిది వచ్చింది. మా అమ్మ లెక్క ప్రకారం ఆవిడకి యాభై అయిదు నిండవు.

కొయ్యూరు అవతల కొండ మీంచి వచ్చిన పెద్దాయన దగ్గర అసలు కార్డే లేదు. వయసెంతని అడిగితే, "పెద్ద తుఫాను కాడికి మేకలు కాసీవోన్ని" అన్నాడు. ఏ తుఫాను అని బల్ల దగ్గర రాసుకునే పిల్ల అడగలేదు. ఆయన తల వైపు ఒకసారి చూసి, తెల్లవెంట్రుకలు లెక్కపెట్టినట్టుగా పెన్ను ఆడించి, డెబ్బై అని రాసి గులాబి కూపను ఇచ్చింది. వయసు ఇలా తేల్చి, ఆ వయసుకి ఎంత వెలుగుండాలో లెక్క కట్టి, దాన్ని పరిశోధన అంటున్నారు. నేను మా ల్యాబ్‌లో శాంపిల్ సీసా మీద పేరు తప్పు రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది.

మిషను దగ్గర తెల్ల లాల్చీ తొడుక్కున్న ఆయన కూర్చున్నాడు. వైజాగ్ నుంచి వచ్చాడట. చిన్న పెట్టె, పైన గాజు పలక, పక్కన ల్యాప్‌టాప్. పక్కనున్న అమ్మాయి స్పిరిట్ దూదితో వేలు తుడుస్తుంది. వేలు గాజు మీద పెడితే చిటపటమంటుంది. తెరమీద మనిషి బొమ్మ వస్తుంది, చుట్టూ రంగులు, కింద ఒక అంకె. ఆ అంకె పేరు శక్తి వయసు. నా వంతు వచ్చింది. వేలు పెట్టాను. "మీ వయసు యాభై మూడు. మీ శక్తి వయసు ముప్పై ఎనిమిది. అద్భుతం సార్" అన్నాడు లాల్చీ ఆయన. నేను వెటకారంగా తల ఊపి, రంగుల కాగితం తీసుకున్నాను. పారేద్దామనే అనుకున్నాను. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తరవాత గులాబి వాళ్ళని పిలిచారు. వేలు తుడిచాక అలవాటుగా తల గోక్కుంటున్న ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి వరసగా ముప్పైలూ పాతికలూ వస్తున్నాయి. ఒకావిడకి ఇరవై ఆరు వచ్చేసరికి సిగ్గుతో మొహం కొంగులో దాచుకుంది. చప్పట్లే చప్పట్లు. నేను కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి చప్పట్లు ఆగిపోయాయి. తలెత్తితే మిషను ముందు మా అప్ప కూర్చుని ఉంది. తెరమీద మనిషి బొమ్మ చుట్టూ వెలుగు లేదు. అక్కడక్కడా నాలుగు నీలం చుక్కలున్నాయి అంతే.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు లాల్చీ ఆయన గొంతు తగ్గించి, మైకు మాత్రం ఆపకుండా. "మీ వయసు యాభై ఎనిమిది. మీ శక్తి వయసు ఎనభై మూడు. మీరు చాలా అలిసిపోయారమ్మా. మీకు విశ్రాంతి కావాలి."

హాలంతా అయ్యో అంది. అప్ప ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. కళ్ళకి అద్దుకుంటుందేమోనని భయపడ్డాను. అంత పనీ చేయలేదు గానీ, మెట్లు దిగుతుంటే "ఇది ప్లాస్టిక్ వేయించాల" అంది.

వేయించింది కూడా. జిరాక్సు షాపు దగ్గర నన్ను నిలబెట్టి లామినేషన్ చేయించి, ఇంట్లో క్యాలెండరు పక్కన మేకు కొట్టి తగిలించింది. మర్నాడు సోమవారం. నేను లేచేసరికి పోపు వాసన లేదు. గట్టు మీద క్యారేజీ లేదు. అప్ప వీధరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ చూస్తోంది. ఆవిడ పగటిపూట అలా కూర్చోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏటప్పా, పనికెళ్ళలేదా?"

"నాకు ఎనబై మూడురా. ఎలా ఎల్తాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. రెండో రోజు కూడా అదే తిన్నాను. మూడో రోజుకి నా కడుపు తిరగబడింది. అప్ప మాత్రం ఇంత అన్నం వండుకుని, మజ్జిగ పోసుకుని తిని, మళ్ళీ అరుగెక్కేది. ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఆగి అడిగితే లోపలికి తీసుకెళ్ళి గోడ చూపించేది. చూసినవాళ్ళు జాలిపడి, ఒకరు పనసకాయ ముక్కా, ఒకరు బెల్లం ముద్దా ఇచ్చిపోయేవారు. ఫ్యాక్టరీ నుంచి కబురొస్తే కబురు తెచ్చినావిడకి కూడా గోడే చూపించింది. యజమాని భార్యే నమ్మిన మిషను కాబట్టి అక్కడ ఎవరూ నోరెత్తలేకపోయారు.

నోరెత్తింది నేనొక్కడినే. సైన్సు చెప్పాను. చర్మం నుంచి గాల్లోకి కరెంటు పోతే నిప్పురవ్వ వస్తుందని, ఇనప మేకు పెట్టినా అలాగే వెలుగుతుందని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే మేక్కి ఎన్నేళ్ళొస్తాయి?" అంది. ల్యాబ్ నుంచి ట్యూబులు తెచ్చి, మోచేతి దగ్గర రక్తం తీసి, ఉన్న పరీక్షలన్నీ చేశాను. షుగరు నార్మల్. హిమోగ్లోబిన్ ఆవిడ వయసు ఆడవాళ్ళకి నార్మల్. కిడ్నీ, లివరు, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఆ రిపోర్టు ప్రింటు తీసి, కాగితం ఆవిడ ముందు ఆడించాను.

"సూసావా? నీకేమీ లేదు. అంతా నార్మల్."

అప్ప ఆ కాగితం ముట్టుకోలేదు. "నీ మిషను నీకు, నా మిషను నాకు" అని వీధి వైపు తిరిగి కూర్చుంది.

ముప్పై ఏళ్ళ నా సర్వీసుని, ఒక చిటపటలాడే పెట్టె గోడ మీద మేకేసి ఓడించింది. నాకు నిద్రపట్టలేదు. అసలు అప్పకి పట్టిన పిచ్చి మీద కోపమో, గట్టు మీద లేని క్యారేజీ మీద కోపమో అప్పుడు నన్నడిగితే, సైన్సు మీద గౌరవం అని చెప్పి ఉండేవాణ్ణి. సిగ్గులేకుండా చెప్పి ఉండేవాణ్ణి.

నెల మొదట్లో రేషన్ ఇచ్చారు. ఎనభై మూడేళ్ళ మనిషి బియ్యం మోయలేదు గనక సంచి పట్టుకుని నేను వెంట వెళ్ళాను. మిషను దగ్గరికొచ్చేసరికి అప్ప చెయ్యెత్తి, బొటనవేలు కొప్పు కింద రెండు సార్లు రాసి, గాజు మీద పెట్టింది. మిషను కుయ్‌మంది. నేను సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎండిపోయి, గీతల్లేని, స్పిరిట్‌తో తుడిచిన వేలు. జిడ్డు తగిలిన వేలు. గాజు పలక, కరెంటు. కుర్చీల్లో కూర్చుని వరసగా తలలు గోక్కున్న ఆడవాళ్ళకి ముప్పైలూ పాతికలూ ఎందుకొచ్చాయో, మా అప్ప ఒక్కదానికి ఎనభై మూడు ఎందుకొచ్చిందో నాకు అర్థమైపోయింది. ఆ రోజు ఎందుకోగాని ఆవిడ వేలు తలకి రాయలేదు. మర్చిపోయి ఉంటుంది. ఆ ఒక్క మరుపుకి ఇంత శిక్ష!

ఆ ఆదివారమే శిబిరం వాళ్ళు మళ్ళీ వచ్చారు. తగ్గిన వెలుగు పెంచడానికి రాగి తీగలు అల్లిన చాపలు అమ్ముతున్నారు. అప్ప రానంది. "ఒకసారి కొలిపించుకుని వచ్చేద్దాం, చాప కొనను" అని ఒట్టేసి, బతిమాలి, దాదాపు చెయ్యి పట్టుకుని మేడెక్కించాను. ఆవిడ మొహం ఎందుకలా ఉందని నేను ఆలోచించలేదు. నా గెలుపు తొందర నాది.

కుర్చీలో కూర్చోబెట్టారు. దూదితో తుడిచారు. నేను వంగి చెవిలో చెప్పాను. "అప్పా, రేషన్ కాడ రాస్తావు చూడు, అలా రాసి పెట్టు."

"ఎందుకురా?"

"రాయి. చెప్తాను."

ఆవిడ నా వైపు చూసింది. కొంచెం సేపే చూసింది. ఆ తరవాత చెయ్యి నెమ్మదిగా పైకెత్తి, జుట్టులో ఒక్కసారి రాసి, గాజు మీద పెట్టింది. పెట్టె చిటపటమంది. తెరమీద బొమ్మ చుట్టూ ఎరుపూ పసుపూ భగ్గుమన్నాయి. ఇరవై తొమ్మిది!

లాల్చీ ఆయన తడుముకుంటాడనుకున్నాను. ఆ ఘటం తడుముకోలేదు. మైకు దగ్గరికి లాక్కుని, "చూశారా! రెండు వారాల్లో యాభై నాలుగేళ్ళు తగ్గింది! మా పత్రాన్ని ఇంట్లో గోడకి పెట్టుకున్నారు కదమ్మా? ఆ పత్రం నుంచి వచ్చిన శక్తే ఇదంతా" అన్నాడు.

"నూనె అండీ!" అని అరిచాను. "శక్తీ లేదు, పత్రం లేదు. తలనూనె! వేలికి జుట్టు నూనె రాస్తే మీ మిషను కుర్రతనం చూపిస్తుంది. అది తెలీకుండా జనానికి వయసులు పంచుతున్నారు మీరు!"

ఇక జనం తిరగబడతారని, కుర్చీలు విసురుతారని, నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను. జనానికి నా మాటల్లో ఒక్కటే వినబడింది. తలనూనె రాస్తే వయసు తగ్గుతుంది. గులాబి వరసలో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా తలల్లోకి వెళ్ళాయి. రోలుగుంట నుంచి వచ్చిన ఒక బట్టతల పెద్దాయన, ఇటూ అటూ చూసి, పక్కనున్న భార్య కొప్పులో వేలు పెట్టాడు. ఆవిడ కూడా కదలకుండా తల వంచి ఇచ్చింది. కొండ మీంచి వచ్చిన ఆ మేకల పెద్దాయనకి పదిహేడు వచ్చింది. అరగంటలో అరవై దాటినవాళ్ళంతా పచ్చ కూపను పిల్లల కన్నా చిన్నవాళ్ళైపోయారు. లాల్చీ ఆయన గాజు తుడుచుకోలేక చస్తూ కూడా ప్రతి అంకెనీ మైకులో చదివాడు. ఆ రోజు చాపలు అన్నీ అమ్ముడుపోయాయి. ఇలాంటి జనానికి నిజం చెప్పడం కన్నా గోడకి చెప్పుకోవడం నయమని తిట్టుకుంటూ అప్పని ఆటో ఎక్కించాను.

జనం సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో నేను గెలిచాను. ఆటోలో ఆ ఉత్సాహం ఆపుకోలేకపోయాను.

"తెలిసిందా అప్పా? అదంతా వేలు మహత్యం. ఆ రోజు రాయడం మర్చిపోయావు, ఎనభై మూడు వచ్చింది. అంతే. నీకేమీ కాలేదు. రేపట్నుంచి హాయిగా పనికెళ్ళొచ్చు."

అప్ప రోడ్డు వైపు చూస్తోంది.

"మర్సిపోనేదురా."

"ఏటి?"

"నాను మర్సిపోనేదు. నా ముందల కూకున్నది తలకి రాసింది, ముప్పై వొచ్చింది. దాని ముందలది రాసింది, ఇరవయ్యారు వొచ్చింది. నానూ సూసాను గదా. నానూ సెయ్యెత్తాను. ఎత్తి దించీసాను."

"ఎందుకు?"

"రేషన్ కాడ బియ్యం కావాల, రాస్తాను. బేంకి కాడ డబ్బులు కావాల, రాస్తాను. ఈడ నాకేటి కావాల? ముప్పై ఏళ్ళదాన్నని కాయితమిస్తే ఏటి సేసుకుంతాను? ఇంకా ముప్పై ఏళ్ళు పిక్కలు కొట్టమంతారు." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు భయమేసింది. "నడుం నొప్పని నీకు సెప్పాను. రగతం తీసావు, నార్మలన్నావు. కాళ్ళు లాగీస్తన్నాయని సెప్పాను. రగతం తీసావు, నార్మలన్నావు. నువ్వు నార్మలన్నాక ఇంకెలా కూకుంతానురా? ఆ లాల్చీ బాబు ఎవులో, మోసగాడే అవనీ. అలిసిపోయావమ్మా అన్నాడు. ఇన్నాళ్ళకి ఆడొక్కడే అన్నాడు."

ఆటో మా వీధిలోకి తిరిగింది. ముప్పై ఏళ్ళుగా వేలమంది వేళ్ళు పట్టుకున్నాను. ఇంట్లో ఉన్న రెండు చేతులు ఏం చెబుతున్నాయో ఒక్కసారీ అడగలేదు. అడగకపోగా, మోసగాణ్ణి పట్టుకుంటున్నానని గొప్పలు పోయి, ఆవిడ కష్టపడి సంపాదించుకున్న నాలుగు నాళ్ళ అరుగుని లాక్కున్నాను. వెలుగు కొలిచే లాల్చీ ఆయన్ని ఎంత తిట్టుకున్నానో, అవన్నీ ఇప్పుడు నాకే సరిపోయాయి.

సోమవారం నేను లేచేసరికి ఇంట్లో పోపు వాసన ఉంది. క్యారేజీ గట్టు మీద ఉంది. గోడ మీద ఎనభై మూడు లేదు. దాన్ని తీసి, మసి అంటకుండా క్యారేజీ కింద పరిచి పెట్టింది. అప్ప ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆ క్యారేజీ విప్పుకుని తిన్నాను. ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. వంకాయ కూర. మొత్తం తిన్నాను. తిన్నాకే నా మీద నాకు అసహ్యం వేసింది.

అప్పుడు నేనొక పని చేశాను. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె కూడా మార్చని నేను, ల్యాబ్ కాగితం మీద అప్ప పేరు టైపు చేసి, హిమోగ్లోబిన్ సగానికి తగ్గించాను. ఇంకో నాలుగు అంకెలు పైకీ కిందికీ జరిపాను. కింద పూర్తి విశ్రాంతి అవసరం అని రాశాను. వయసు దగ్గర జనవరి ఒకటి వయసే వేశాను. ప్రింటు తీస్తుంటే, ఆ లాల్చీ ఆయన కాగితం కూడా సరిగ్గా ఈ సైజులోనే ఉంటుందని గుర్తొచ్చింది. వాడి దాంట్లో రంగులైనా ఉన్నాయి.

సాయంత్రం అప్ప వచ్చి, చేతుల బూడిద కడుక్కుని, పీట మీద కూర్చుంది. కాగితం అందించాను. అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకి చదువు రాదు.

"దీన్లో ఏటి రాసుంది?"

"నువ్వింక పనికెళ్ళకూడదని."

"నార్మలన్నావు గదా?"

"మళ్ళీ చేస్తే వచ్చింది."

"ఎవులు సెప్పారు?"

"మిషను."

అప్ప కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నా మొహంలోకి చూసింది. నా అబద్ధం ఆవిడకి ఆ చూపుతోనే తెలిసిపోయింది.

"మిషన్లన్నీ సెప్తన్నాయి" అంది. "నువ్వు సెప్పవేట్రా?"

ఎంతోమందికి ఎన్నో చెప్పాను. షుగరుందని చెప్పాను, కిడ్నీ పోయిందని చెప్పాను, ఒకసారి ఒక తల్లికి చెప్పకూడనిది కూడా చెప్పాను. ఈ ఒక్కటీ నా నోట రావడానికి పొయ్యి వైపు తిరగాల్సి వచ్చింది.

"అలిసిపోయావప్పా" అన్నాను. "కూకో."

వెనక నుంచి ముక్కు చీదిన శబ్దం వినబడింది. తరవాత, నేను కూరగాయల బుట్టలో ఏం వెతుకుతున్నానో నాకే తెలీకుండా వెతుకుతుంటే, ఆవిడ పీట గోడ దగ్గరికి జరుపుకుని, వీపు ఆనించి, కాళ్ళు బారచాపుకుంది.

"బియ్యం రెండు గిద్దెలు పొయ్యి" అంది. "ముందల కడుగు."